మడి విడిచేదాకా

ఐదు లీటర్ల ఆ తెల్ల ప్లాస్టిక్ డబ్బాను పెరట్లో జామచెట్టు కొమ్మకు కట్టాను. ఇంట్లో పెడతానంటే మా ఆయన ఒప్పుకోలేదు. "దేవుడికి వండేవాళ్ళ ఇంట్లో దాన్ని పెడతావా?" అన్నారు. "మరి నెత్తిన పెట్టుకోని తిరగమంటారా?" అన్నాను. ఆయన పేరు శంకరనారాయణ. మిట్టేమరి పక్కన మా ఊళ్ళో వెంకటరమణస్వామి గుడికి అర్చకుడు. నాకు కోపం వస్తే ఆయన భుజం మీది ఉత్తరీయం సర్దుకుని గుడి వైపు నడుస్తారు. ఆ రోజూ అదే చేశారు.

డబ్బా దేనికంటే, నా కిడ్నీ ఒకటి మా అనఘకు ఇవ్వడానికి. నేనేదో గొప్ప త్యాగం చేస్తున్నానని చెప్పడం లేదు. అనఘ నా కూతురు, ఒక్కతే కూతురు. ఇరవై ఆరేళ్ళు. బాగేపల్లిలో తాలూకు ఆఫీసులో కంప్యూటర్ పని చేసేది. రెండేళ్ళ కిందట మొహం ఉబ్బింది, కాళ్ళు ఉబ్బాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చిక్కబళ్ళాపురం తీసుకుపోతే రెండు కిడ్నీలూ పని చేయడం మానేశాయన్నారు. అప్పటి నుంచి సోమ, బుధ, శనివారాలు డయాలిసిస్. పోయిన ప్రతిసారీ నాలుగు గంటలు మెషిన్ పక్కన పడుకుంటుంది. నీళ్ళు కూడా కొలత ప్రకారమే తాగాలి, ఎక్కువైతే ఒంట్లోనే నిలిచిపోతాయి. మా ఆయనకు పదిహేనేళ్ళుగా షుగరు, ఆయనది పనికిరాదు. నా రక్తం దాని రక్తానికి సరిపోయింది. ఇంకెవరున్నారు? నేనే.

కిడ్నీ ఇచ్చేవాళ్ళకు బోలెడు పరీక్షలు ఉంటాయి. అందులో ఇదొకటి. పొద్దున లేవగానే మొదటిసారి పోసిన మూత్రం పారబోయాలి. అక్కడి నుంచి మర్నాడు అదే వేళ వరకు ఒక్క చుక్క వదలకుండా డబ్బాలో పట్టాలి. దాన్ని బట్టి మన కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడగడుతున్నాయో చూస్తారు. ఒక రోజంతా పట్టి, గుడ్డ సంచిలో పెట్టుకుని, ఆధార్ కార్డు చూపించి, ఫ్రీ బస్సులో డబ్బాను ఒళ్ళో పెట్టుకుని చిక్కబళ్ళాపురం చేరాను. పక్క సీటు ఆవిడ "నెయ్యా అమ్మా?" అని అడిగింది. "కాదు" అన్నాను. ఇంకేం చెప్పను, నా మొహం.

ల్యాబులో భాను అని ఒక పిల్ల ఉంటుంది. చింతామణి పిల్ల. నా పుట్టిల్లూ చింతామణే కాబట్టి కాస్త చనువుగా మాట్లాడుతుంది. డబ్బాను వెలుతురుకు పట్టి చూసి, "ఇంతేనా అమ్మా? నడుమన ఏమన్నా పారబోసినారా?" అంది.

"పారబోసేదానికి నాకేమన్నా పిచ్చా?" అన్నాను.

"కోపం చేసుకోవద్దు. ఆరు వందల ఎమ్మెల్ కూడా లేదు. మామూలుగా లీటరు, లీటరున్నర వస్తాది. మళ్ళా ఒకసారి పట్టుకోని రండి."

మళ్ళీ జామచెట్టు, మళ్ళీ డబ్బా. రెండోసారి అయిదు వందల యాభై. రంగు డికాక్షన్ కాఫీకి దగ్గరగా ఉంది. ఈసారి భాను డబ్బాను పక్కన పెట్టి, స్టూలు లాగి నన్ను కూర్చోబెట్టింది.

"అమ్మా, దినానికి ఎన్ని మార్లు పోతారు ఒంటికి?"

"మూడు మార్లు."

"మూడేనా?"

"చాలదా? లేచినప్పుడు ఒకసారి, మడి విడిచినాక ఒకసారి, పండుకునే ముందర ఒకసారి."

"నీళ్ళు ఎంత తాగతారు?"

"మడి విడిచినాక తాగతాను."

"మడి ఎప్పుడు విడస్తారు?"

"పన్నెండుకి. శనివారం జనం జాస్తి, రెండు అవుతాది."

భాను చేతి గ్లవ్స్ తీసి చెత్తబుట్టలో వేసింది. "ఎన్నేండ్ల నుంచి ఇట్లా?" అంది.

"ముప్పై ఒకటి" అన్నాను. అన్నప్పుడు నా గొంతులో గర్వం ఉంది. అది నాకు ఇప్పటికీ వినిపిస్తుంది, చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఈ సంగతి కొంచెం విడమర్చి చెప్పాలి. గుడిలో స్వామికి రోజూ పొంగలి, దద్ధ్యోజనం, శనివారం వడలు. అవన్నీ వండేది నేనే, గుడి వెనక వంటింట్లో. నాలుగున్నరకు తలస్నానం చేసి, ఆరేసిన మడిబట్టను కర్రతో తీసుకుని కట్టుకుని పొయ్యి ముందు కూర్చుంటే, నైవేద్యం అయ్యేదాకా ఎవరూ నన్ను తాకకూడదు, నేను బయటికి పోకూడదు. ఒంటికి పోతే మడి పోయినట్టే. మళ్ళీ స్నానం, మళ్ళీ వేరే మడిబట్ట, అప్పుడు గానీ పొయ్యి ముట్టకూడదు. ఇది దేవుడు పెట్టిన నియమమా, మా అత్తగారు పెట్టిందా అని అడిగేంత తెలివి నాకు ఇరవై ఏళ్ళప్పుడు లేదు.

పెళ్ళయి వచ్చిన మొదటి ధనుర్మాసంలో ఒకే పొద్దున మూడుసార్లు లేచాను. మా అత్తగారు ఒక్క మాట తిట్టలేదు. మూడుసార్లూ బావి దగ్గర నిలబడి చన్నీళ్ళు తోడించి పోయించారు. మూడోసారికి నా పళ్ళు టకటకమంటుంటే, "నీళ్ళు తాగతావు కాబట్టే గదా వస్తాది? తాగొద్దు" అన్నారు. అంతే. మర్నాటి నుంచి తాగలేదు. మొదట్లో తల తిరిగేది, పొత్తికడుపు రాయిలా గట్టిపడేది. ఎడమ మడమను కింద పెట్టి దాని మీద బరువంతా వేసి కూర్చుంటే ఆగుతుందని నాకు నేనే కనిపెట్టుకున్నాను. కొన్నేళ్ళకు రావడమే తెలియకుండా పోయింది.

ఊళ్ళో పేరొచ్చింది. పాలు పోసే తిమ్మక్క వచ్చినవాళ్ళందరికీ చెప్పేది: "మా అయ్యవారమ్మ తేరు దినం తొమ్మిది గంటలు కూర్చున్న చోట నుంచి కదల్లేదమ్మా, ఎంత నిష్ఠ!" వింటుంటే నాకు లోపల లడ్డూ తిన్నంత సంతోషం. ఒంటికి పోతే నెలకోసారి భగ్గున మండేది, చలిజ్వరం వచ్చేది. వేడి చేసిందనుకునేదాన్ని. మా వైపు మూత్రంలో మంటకు అందరూ చెప్పే రోగం అదొక్కటే. మాడుకు ఆముదం పెట్టుకుని, జీలకర్ర నీళ్ళు తాగితే రెండు రోజుల్లో తగ్గేది. వీపులో ఎడమ పక్క నొప్పి వస్తే పొయ్యి ముందు వంగి వంగి పట్టేసిందనుకునేదాన్ని.

అంతటితో ఆగి ఉంటే నా ఖర్మ నాది. నేను అనఘకూ నేర్పాను.

అది రెండో తరగతిలో ఉండగా బడిలో మరుగుదొడ్డికి తలుపు లేదు. సాయంత్రం దాకా ఆపుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చేది. నేను ఏం చేయాలి? బడికి పోయి హెడ్‌మాష్టరుతో పోట్లాడాలి. పోట్లాటలో నాకు తక్కువేం లేదు కదా. చేయలేదు. చుట్టాల ముందు, "మా అనఘ ఎంతసేపైనా ఆపుకుంటుంది, నా పోలికే" అని మురిసిపోయాను. పిల్ల కూడా నవ్వేది, మెచ్చుకున్నారని. దానికీ జ్వరాలు వచ్చేవి. వణుకుతూ, కడుపు పట్టుకుని. వేడి అన్నాను. బొడ్డులో ఆముదం చుక్క వేశాను. జ్వరం మందు పోశాను. తగ్గిందనుకున్నాను.

రెండేళ్ళ కిందట కిడ్నీ డాక్టరు చెప్పిన మాట ఇది: అనఘకు పుట్టుకతోనే మూత్రం సంచిలో నుంచి పైకి, కిడ్నీల్లోకి వెనక్కు తన్నే లోపం ఉంది. జ్వరం వచ్చిన ప్రతిసారీ కిడ్నీలో ఒక మచ్చ పడింది. చిన్నప్పుడే మూత్రం పరీక్ష చేయించి మందులు వాడి ఉంటే... ఆయన అక్కడితో ఆపేశారు. నేను మిగతాది అడగలేదు. ఆ రోజు నుంచి నాకు ఏడుపు రాదు. ఆకలి కూడా సరిగా తెలియదు. చేతులు వండుతాయి, కాళ్ళు నడుస్తాయి, నోరు మాత్రం ఎవరో ఒకరి మీద అరుస్తుంది. ఒక్కటే అనుకుంటూ వచ్చాను. నా కిడ్నీ ఇచ్చేస్తే సరిపోతుంది. నేను చెడగొట్టినదానికి నాలో నుంచే తీసి ఇస్తాను. అది మళ్ళీ ఆఫీసుకు పోతుంది, నీళ్ళు తాగుతుంది.

భాను నా మూడు మార్ల సంగతి డాక్టరుకు చెప్పింది. ఆయన పేరు గిరీశ్. బెంగళూరు నుంచి గురువారం గురువారం చిక్కబళ్ళాపురం వస్తారు. స్కాను రాశారు, ఇంకో పెద్ద స్కానుకు బెంగళూరు పంపారు. మూడు వారాల తర్వాత ఒక గురువారం నన్నూ అనఘనూ పిలిపించారు. నేను సంచిలో మార్చుకునే చీరలు కూడా సర్దుకుని పోయాను, ఆపరేషనుకు తేదీ చెబితే అటునుంచి అటే పోదామని. అదీ నా తెలివి.

డాక్టరు కంప్యూటరు తెరను మా వైపు తిప్పారు. "అమ్మా, ఇది మీ ఎడమ కిడ్నీ. చిన్నదైపోయి ఉండాది. దీంట్లో రాళ్ళు ఉండాయి, మచ్చలు ఉండాయి. రెండూ కలిసి వంద పని చేస్తాయంటే, ఇది పద్దెనిమిదే చేస్తాంది. మిగతాదంతా కుడిదే లాగుతాంది."

"అయితే?" అన్నాను.

"ఎడమది తీసి పెడితే పాపకు పని చేయదు. కుడిది తీస్తే మీకు మిగిలేది చాలదు."

"కుడిదే తీయండి."

"అమ్మా..."

"నాకు యాభై ఒకటి. ఇంక నేను చేయాల్సింది ఏముండాది? కుడిది దానికి పెట్టండి. సోమ, బుధ, శని నేనొచ్చి ఆ మెషిన్ కాడ పండుకుంటా. అది ఆఫీసుకు పోతాది. లెక్క సరిపోయింది గదా?"

"ఒకరిని ఆ మంచం మీద నుంచి లేపేదానికి ఇంకొకరిని పండబెట్టేది వైద్యం కాదమ్మా. నేను చేయను. ఎవరూ చేయరు."

టేబుల్ మీద చెయ్యి వేసి కొట్టాను. పెన్నుల డబ్బా కిందపడింది. అనఘ వంగి ఒక్కొక్కటే ఏరి పెట్టింది. డాక్టరుకు కోపం రాలేదు. మంట వచ్చేదా, చలిజ్వరం వచ్చేదా, ఎప్పటి నుంచి అని అడిగారు. వేడి అనుకున్నానని చెప్పాను. రాసుకున్నారు.

"నీళ్ళు తాగక, గంటలు గంటలు ఆపుకుంటే సంచిలో చీము చేరతాది, రాళ్ళు కడతాయి. అట్లని మీ కిడ్నీ దానివల్లే పోయిందని నేను చెప్పలేను. వేరే కారణాలు కూడా ఉండొచ్చు" అన్నారు.

నాకు తెలుసు, ఆయన నా మీద జాలిపడి అన్న మాట అది. ఆ జాలి నా ఒళ్ళు మండించింది. తర్వాత ఆ మంట కూడా చల్లారిపోయింది. అనఘ పేరు ప్రభుత్వ పట్టీలో రాయిస్తామని, చనిపోయినవాళ్ళ కిడ్నీ దొరికితే పిలుస్తారని, ఎన్నేళ్ళో చెప్పలేమని అంటున్నారు. ఆయన పెదవులు కదలడం చూస్తూ కూర్చున్నాను. నాకు మాత్రలు రాసిచ్చారు. రోజుకు మూడు లీటర్ల నీళ్ళు, మూడు గంటలకోసారి ఒంటికి పోవాలి, ఉన్న కుడిదాన్నైనా కాపాడుకోవాలి. అనఘ చీటీ మడిచి నా సంచిలో పెట్టింది. "లెయ్యమ్మా, బస్సు పోతాది" అంది.

బస్సులో కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టింది. బయట పందిళ్ళకు ద్రాక్ష వేలాడుతోంది, నేను చూస్తున్నాను గానీ ఏమీ అనిపించడం లేదు. పొత్తికడుపు బిగుసుకుని చాలాసేపయిందని, నేను ఎడమ మడమను సీటు మీదికి లాక్కుని దాని మీద కూర్చున్నానని నాకు తెలియనే తెలియదు. అనఘ నా మడమ వైపు చూసింది.

"బస్టాండులో పోయి రావాల్సింది గదమ్మా."

"ఇంటికి పోయినాక పోతాలే."

అది నెమ్మదిగా అంది. "నాకు ఒంటికి రాక ఎనిమిది నెలలు అయింది. నీకు తెలుసు గదా?"

తెలుసు. డయాలిసిస్‌లో చాలామందికి మెల్లగా అది ఆగిపోతుందని నర్సు చెప్పింది. నేనెప్పుడూ దాంతో ఆ మాట ఎత్తలేదు.

"ఒక్కోసారి వచ్చినట్లే ఉంటాది. లేచి పోయి కూర్చుంటా. ఏమీ ఉండదు. ఉత్తగా కూర్చోని వస్తా."

"నా మీద కోపం ఉండాదా?" అన్నాను.

"ఉండాది" అంది. "చానా ఉండాది. అరిచే ఓపిక లేదు, అంతే." అలా అని నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. దాని ఎడమ చేతిలో, సూదులు గుచ్చడానికి నరాలు కలిపి కుట్టిన చోట, రక్తం పరుగెత్తే అదురు నా మోచేతికి తగులుతూనే ఉంది. నేను బాగేపల్లి వచ్చేదాకా కదల్లేదు. ఇల్లు చేరేదాకా ఒంటికీ పోలేదు.

మర్నాడు శుక్రవారం. నాలుగున్నరకు లేచాను, తలస్నానం చేశాను, మడి కట్టుకున్నాను. ఏడ్చానా అంటే లేదు. పెసరపప్పు వేయించాను, బియ్యం కడిగాను, ఎసరు పెట్టాను. రోజూ చేసేదే కాబట్టి చేతులు వాటంతటవే చేశాయి. డయాలిసిస్ లేని రోజుల్లో అనఘ గుడికి వచ్చి వంటింటి గడప బయట కూర్చుని పూలు కడుతుంది. అది మడిలో ఉండదు కాబట్టి లోపలికి రాదు. ఎనిమిదయింది. పొంగలి కుతకుతమంటోంది. నా మడమ దానంతటదే కిందికి వచ్చింది.

"అమ్మా" అంది అనఘ. "వస్తాందా?"

"ఏం రాలేదు."

"నీ కాలు చూస్తాండా. పో."

"పొంగలి అడుగంటతాది."

అనఘ పూలదండ పక్కన పెట్టి లేచింది. నిన్న వేసుకున్న చుడీదారుతోనే గడప దాటి లోపలికి వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళలో మడి లేకుండా ఆ గడప దాటినవాళ్ళను నేను చూడలేదు. నా చేతిలో గరిటె తీసుకుని పొయ్యి ముందు కూర్చుంది. "నేను చూసుకుంటా. పో అమ్మా."

దాన్ని చూస్తూ రెండు నిమిషాలు నిలబడ్డాను. తర్వాత వెళ్ళాను.

కాళ్ళు కడుక్కుని తిరిగొచ్చేసరికి మా ఆయన గడప దగ్గర నైవేద్యం పళ్ళెంతో నిలబడి ఉన్నారు. పొయ్యి ముందు అనఘ. నా తడి పాదాలు. ఆయన రెండూ చూశారు.

"అది మడిలో లేదే" అన్నారు.

"లేదు."

"నువ్వు మళ్ళా స్నానం..."

"చేయలేదు. చేయను. ఇంక యానాడూ చేయను. నేను లేస్తా, పోతా, వస్తా, వండతా. మీ స్వామి తింటే తినమనండి, వద్దంటే మానమనండి."

గుడి వైపు నడిచిపోతారనుకున్నాను. పోలేదు. ఆయన కళ్ళు అనఘ ఎడమ చేతి మీద, మొన్నటి సూదుల గుర్తుల మీద నిలిచిపోయాయి. "ఉప్పు వేసినావా?" అని దాన్ని అడిగారు.

"వేసినా అప్పా."

ఆయన గిన్నెను గుడ్డతో పట్టుకుని ఎత్తుకున్నారు. గర్భగుడిలో గంట మోగింది, రోజూ మోగినట్టే.

అనఘ మడినీళ్ళ బిందె మూత తీసింది. నేను తప్ప ఎవరూ ముట్టని బిందె అది. చెంబు నిండా ముంచి నాకిచ్చింది. "తాగు."

"నువ్వో?"

"నాకు ఇప్పుడు లేదు. మధ్యాహ్నం మాత్రలకు అర లోటా ఉండాది, అంతే. నువ్వు తాగు. నేను చూస్తా."

మడిబట్టలో ఉండి, పొయ్యి ముందు, ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత మొదటిసారి నీళ్ళు తాగాను. అనఘ కళ్ళు నా గొంతు మీదే ఉన్నాయి. నేను మింగిన ప్రతిసారీ దాని గొంతు కూడా కదిలింది. మధ్యలో ఆపుదామనుకున్నాను, ఆపనివ్వలేదు, చెంబు అడుగు పట్టుకుని పైకి ఎత్తింది.

"చల్లగా ఉండాయా అమ్మా?" అని అడిగింది.

"ఉండాయి" అన్నాను.

"ఇంకొక చెంబు తాగు" అని మళ్ళీ ముంచింది.